మధ్యాహ్నం మూడింటికి లోపల ఉండగలిగితేనే పక్కా ఇల్లు

పోస్టు పెద్దదే. సగంలో వదిలేయకుండా చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక అన్న ఒక ఫొటో పెట్టాడు. తడిక గోడల ఇల్లు, గుమ్మం ముందు ఒక ముసలమ్మ. పైన "ఇంకెన్నాళ్లు ఈ మట్టి బతుకులు?" అని రాశాడు. నేను కూడా లైక్ కొట్టాను. ఆ ప్రశ్నలో తప్పేం లేదు. కానీ రెండు మూడు రోజులు అది నా బుర్రలోనే తిరిగింది. ఎందుకంటే మట్టి ఇంట్లోంచి స్లాబ్ ఇంట్లోకి మారినోళ్లం మేం. మారిన తర్వాత మా నాయనమ్మకు ఏమైందో నా కళ్లతో చూశాను. ఇంకోటి, పోయిన అక్టోబర్‌లో ఎడారిలో ఆదివాసీల ఇల్లు ఒకటి లోపలికి వెళ్లి చూసొచ్చాను. ఈ రెండూ పక్కపక్కన పెడితేగానీ నేను చెప్పాలనుకున్నది అర్థం కాదు. ముందు ఎడారి సంగతి చెప్తా.

మా కాలేజీ నుంచి ఎన్ఎస్ఎస్ క్యాంపుకి జోధ్‌పూర్ పంపించారు. నేను రైల్లో అంత దూరం పోవడం అదే మొదలు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది కూడా నేనే మొదలు అనుకోండి. క్యాంపులో మా గదిలో బార్మేర్ దగ్గరి అమ్మాయి ఒకామె ఉండేది. భిల్ అమ్మాయి. మేం కోయోళ్లం అని చెప్పగానే "అయితే నువ్వూ మావాళ్లే" అంది. వచ్చీరాని హిందీలోనే బాగా కలిసిపోయాం. ఆదివారం మేడమ్ పర్మిషన్ తీసుకుని నలుగురం వాళ్ల ఊరు పోయాం. మాతో అనంతపురం నుంచి వచ్చిన సుగాలి చెల్లి కూడా ఉంది.

అక్టోబర్ అంటే మనకి చలి మొదలయ్యే కాలం. అక్కడ పగలు ఎండ ఇంకా మే నెల లెక్కే ఉంది. రాత్రికి మాత్రం దుప్పటి కావాలి. ఎడారి గురించి నాకు మొదట అర్థమైంది అదే. పగటికి, రాత్రికి మధ్య అంత తేడా మన దగ్గర ఉండదు. జోధ్‌పూర్‌కి ఉత్తరాన ఫలోదీ అని ఒక ఊరుంది. 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది, మన దేశంలో అది రికార్డు. అలాంటి నేల మీద కరెంటు లేని రోజుల్లో కూడా మనుషులు పిల్లల్ని కన్నారు, పెంచారు, ముసలోళ్లయ్యేదాకా బతికారు. ఎలా బతికారో చూద్దామనే నాకు ఆశ.

వాళ్ల గూడేన్ని 'ఢాణీ' అంటారు. నాలుగైదు ఇళ్లు, చుట్టూ ముళ్లకంప, జమ్మి చెట్లు. జమ్మిని వాళ్లు 'ఖేజ్డీ' అంటారు. ఇల్లు గుండ్రంగా ఉంది, పేరు 'ఝోంపా'. గోడ మట్టి, పేడ కలిపి కట్టింది. మందం నా మూరెడు ఉంది, చెయ్యి పెట్టి కొలిచాను. తలుపు చిన్నది, వంగి పోవాలి. కిటికీ అని చెప్పుకోవడానికి రెండు చిన్న కంతలు. పైన గడ్డి కప్పు. ఎడారిలో పెరిగే ఖీంప్, సణియా అనే పొదల పుల్లలు కట్టలు కట్టలుగా పేర్చి, గొడుగులాగ కిందికి దించారు. చూరు గోడకి బాగా బయటికి వచ్చి ఉంది. గోడ మీద ఎండ పడనే పడదు.

లోపలికి వెళ్లాక మొదట ఏం కనపడలేదు. తర్వాత కాళ్లకి తెలిసింది. అలికిన నేల చల్లగా ఉంది. బయట కళ్లు తెరవలేని ఎండ, లోపల కుండ పక్కన కూర్చున్నట్టుంది. అనంతపురం చెల్లి అటూ ఇటూ చూసి "ఇది మా మిద్దె ఇల్లే అక్కా, ఆకారమే వేరు" అంది. వాళ్ల వైపు పాత మిద్దెలకి మందం రాతి గోడలు, పైన దూలాలు, వాటి మీద కట్టెలు, గడ్డి, ఆ పైన చౌడు మట్టి మందంగా పోస్తారట. అనంతపురం కూడా వాన తక్కువ పడే జిల్లానే కదా. ఒకరి ఇల్లు ఒకరు ఎప్పుడూ చూడని మనుషులు ఒకే ఉపాయం పట్టుకున్నారు.

అసలు సంగతి తర్వాత జరిగింది. ఝోంపా పక్కనే ఒక గది ఉంది. చతురస్రం, సిమెంటు గోడ, పైన రాతి పలకలు, తలుపు మీద పథకం పేరు రాసి ఉంది. "ఇది మా పక్కా ఇల్లు" అని గర్వంగా చూపించింది ఆ అమ్మాయి. లోపల గడ్డి మోపులు, ఎరువు బస్తాలు, ఒక ట్రంకు పెట్టె ఉన్నాయి. "ఎవరు పడుకుంటారు?" అన్నాను. "వేసవిలో ఎవరూ పడుకోరు. మేకపిల్లలు కూడా బయటికి ఉరుకుతాయి" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. అయితే నా నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మా ఇల్లు గుర్తొచ్చింది.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక గూడెం. ఎండలంటే ఎట్లుంటాయో ఆ వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా పాత ఇల్లు వెదురు తడిక గోడలు, రెండు వైపులా ఎర్రమట్టి మెత్తి పేడతో అలికేవాళ్లు. పైన గూన పెంకులు. చూరు ఎంత కిందికి ఉండేదంటే నాన్న తలకి తగిలేది. ముందు పంచ, లోపల అటక. ఇంటర్ చదివేటప్పుడు మాకు ప్రభుత్వ పథకంలో ఇల్లొచ్చింది. పాతది పీకి ఆ జాగాలోనే స్లాబ్ పోశాం. అమ్మ ఎంత సంబరపడిందో. వానాకాలం గిన్నెలు పెట్టి కారే నీళ్లు పట్టే పని లేదు, చెదలు లేవు, పాములు లేవు. అమ్మ సంబరం నిజం. దాన్ని నేను తక్కువ చెయ్యను.

తర్వాత వేసవి వచ్చింది. పగలంతా స్లాబ్ కాలింది. సాయంత్రం బయట గాలి చల్లబడుతుంటే లోపల ఇంకా వేడెక్కుతుంది. రాత్రి పదకొండు గంటలకి ఫ్యాన్ వేస్తే పొయ్యి ఊదుతున్నట్టు ఉండేది. నాన్న, తమ్ముడు వేపచెట్టు కింద మంచం వేసుకునేవాళ్లు. అమ్మ, నేను, నాయనమ్మ లోపలే. ఎందుకు లోపల అని అడిగేవాళ్లకి ఒకటే చెప్తా. రోడ్డు పక్క ఇల్లు, ఎదిగిన ఆడపిల్ల, చుట్టూ దడి లేదు. బయట పడుకునే అదృష్టం ఇంట్లో అందరికీ సమానంగా ఉండదు. వేసవి రాత్రి ఆడవాళ్ల మీద వేరేగా పడుతుంది.

మే నెలలో ఒక తెల్లారి నాయనమ్మ లేవలేదు. ఒళ్లు కాలిపోతుంది, మాట తడబడుతుంది. ఆటోలో తీసుకుపోయి సెలైన్లు ఎక్కించారు. వడదెబ్బ అన్నారు. నాన్న "ముసల్ది ఎండకి పోలేదు కదా సార్, ఇంట్లోనే పడుకుంది" అన్నాడు. అవును, ఇంట్లోనే తగిలింది. ఎండలోకి పోతేనే వడదెబ్బ అనుకుంటాం మనం. రాత్రంతా వేడి గదిలో పడుకుని ఒళ్లు చల్లబడకపోయినా ముసలోళ్లు, పసిపిల్లలు తట్టుకోలేరు. నాయనమ్మ బతికింది. ఆ తర్వాత నుంచి ఆమె మంచం గొడ్ల కొట్టంలో. పైన తాటాకు, పక్కలు తెరిచి ఉంటాయి. వచ్చినోళ్లు చూసి "తల్లిని కొట్టంలో పెట్టారు" అని నాన్నని అంటారు. నాయనమ్మ మాత్రం "అది ఇల్లు కాదురా, పెనం. నన్ను పెనం మీద పడుకోమంటారా" అంటది.

ఇప్పుడు ఆ రెండు ఇళ్లు ఎందుకు అలా ఉన్నాయో చెప్తా. క్యాంపు నుంచి వచ్చాక లైబ్రరీలో కూర్చుని చదివిందే ఇది. 

ఇంట్లోకి వేడి ఎక్కువగా వచ్చే దారి పైకప్పు. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తి మీద ఉంటాడు, రోజంతా ఎండ తినేది కప్పే. మన స్లాబ్ నాలుగైదు అంగుళాలు. ఆ మందం దాటి కిందికి రావడానికి వేడికి రెండు మూడు గంటలు చాలు. అందుకే మధ్యాహ్నం ఎండ మూడు గంటలకి గదిలోకి దిగుతుంది, అర్ధరాత్రి దాకా వదలదు. రేకులైతే గంట కూడా ఆగదు, అప్పుడే కాలి అప్పుడే కాలుస్తుంది. మూరెడు మట్టి గోడ అలా కాదు. అందులో వేడి నెమ్మదిగా నడుస్తుంది. లోపలికి చేరడానికి పది గంటల దాకా పడుతుంది. అప్పటికి ఎడారిలో రాత్రి. గుమ్మం తెరిస్తే చల్లగాలి వచ్చి గోడని మళ్లీ కడిగేస్తుంది. పొద్దున్నే తలుపు మూసేస్తారు. చల్లదనం లోపల, ఎండ బయట.

గడ్డి కప్పుది ఇంకో రకం పని. పుల్లల మధ్యలో గాలి చిక్కుకుని ఉంటుంది. ఆ చిక్కుకున్న గాలే వేడిని అడ్డుకుంటుంది. చలికి కోడి ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటుంది చూడండి, అదే సూత్రం. పట్నంలో దీన్నే ఇన్సులేషన్ అని థర్మోకోల్ షీట్లు పెట్టి డబ్బులు తీసుకుంటారు. బార్మేర్ భిల్ ముసలమ్మలకి ఆ పేరు తెలియదు, పని తెలుసు.

ఇది నా ఊహ కాదు, కొలిచి చూసినోళ్లు ఉన్నారు. ఈజిప్టులో హసన్ ఫాతీ అని ఒక ఆర్కిటెక్ట్ ఉండేవాడు, 1900లో పుట్టి 1989లో చనిపోయాడు. 1960లలో కైరోలో ఒక పరిశోధనా కేంద్రంలో నమూనా ఇళ్లు కట్టి లోపలి వేడి కొలిచారు. ఒకటి 50 సెంటీమీటర్ల మందం మట్టి ఇటుక గోడలు, కప్పు కూడా మట్టి ఇటుకల గుమ్మటం. ఇంకోటి 10 సెంటీమీటర్ల కాంక్రీటు పలకలు. మట్టి ఇంట్లో రోజంతా కలిపి 2 డిగ్రీల తేడా కూడా దాటలేదు. కాంక్రీటు ఇంట్లో మాత్రం బయటి గాలి కంటే 9 డిగ్రీలు ఎక్కువ వేడి నమోదైంది. బయట కంటే లోపలే ఎక్కువ! మా నాయనమ్మ చెప్పిన పెనం అదే. 

ఈ ఫాతీకి గుమ్మటాలు కట్టడం కాలేజీలో ఎవరూ నేర్పలేదు. అస్వాన్ వైపు నూబియన్ పల్లెల్లో మేస్త్రీలు కర్ర సెంట్రింగ్ లేకుండానే మట్టి ఇటుకలతో గుమ్మటాలు వేస్తుంటే చూసి, వాళ్లని పనికి పిలిపించుకుని నేర్చుకున్నాడు. పేదోడి చేతిలో ఉన్న విద్యని చదువుకున్నోడు పుస్తకంలోకి ఎక్కించాడు. కానీ అదే ఫాతీ 1940లలో లక్సర్ దగ్గర కొత్త గుర్నా అని ఒక ఊరే కట్టాడు. ఇళ్లు చల్లగా, అందంగా ఉన్నా చాలామంది అందులోకి పోలేదు. వాళ్ల బతుకుదెరువు పాత ఊరి దగ్గరే ఉంది, పైగా గుమ్మటం అంటే వాళ్లకి సమాధి గుర్తొచ్చేది. అంటే ఇల్లు ఎంత చల్లగా కట్టినా అందులో ఉండే మనిషిని అడక్కుండా కడితే అది ఇల్లు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

మట్టి ఇల్లు గట్టిది కాదు అనేవాళ్లకి ఒక మాట. కచ్ ఎడారిలో భుంగాలు అని గుండ్రటి మట్టి ఇళ్లు ఉంటాయి. 2001 జనవరి 26 భూకంపంలో భుజ్‌లో సిమెంటు బిల్డింగులు కూలిపోయాయి, చాలా భుంగాలు నిలబడ్డాయి. గుండ్రంగా ఉండటం వాటికి బలం. అన్ని మట్టి ఇళ్లూ నిలబడ్డాయని నేను అనట్లేదు, నలుచదరం మట్టి గోడలు చాలా పడిపోయాయి కూడా. తెలిసి కడితే నిలబడుద్ది అంటున్నా.

ఇక్కడ నన్ను నేనే అడ్డుకుంటా. మీలో కొందరు ఇప్పటికే అనుకుంటుంటారు, "అంటే మళ్లీ గుడిసెలకి పొమ్మంటావా చెల్లీ?" అని. పొమ్మనను. రెండు కారణాలు.

ఒకటి, ఎడారి వేరు, మన అడవి వేరు. అక్కడ గాలి పొడి, రాత్రి చలి. మందం గోడ రాత్రికి చల్లబడుతుంది. మన దగ్గర జూన్ తర్వాత గాలిలో తేమ. కిటికీల్లేని మందం గోడల మధ్య కూర్చుంటే ఉక్కపోతకి చస్తాం. అందుకే మన పెద్దోళ్లు మందం గోడ కట్టలేదు, గాలి ఆడే తడిక కట్టారు. ఎత్తు కప్పు, కిందికి దిగిన చూరు, పంచ పెట్టారు. బార్మేర్ ఇంటిని తెచ్చి భద్రాచలం పక్కన పెట్టమని కాదు. వాళ్ల ఇంట్లోనూ మన ఇంట్లోనూ కామన్‌గా ఉన్నవి చూడండి: నెత్తి మీద ఎండకి అడ్డం, గోడ మీద నీడ, రాత్రి గాలికి దారి. స్లాబ్ డబ్బా ఇంట్లో ఈ మూడూ లేవు. 

రెండు, మట్టి ఇంటి చాకిరీ ఎవరిదో నాకు తెలుసు. పండగ పండక్కీ పేడ, మట్టి మోసి అలికింది అమ్మ. చెదలు దులిపింది అమ్మ. వెదురు, గడ్డి ఇప్పుడు తెచ్చుకోవడం కూడా మునుపటిలా సులువు కాదు. పైగా మా పెదనాన్న కూతురికి సంబంధం చూడ్డానికి వచ్చినోళ్లు ఇల్లు చూసి "స్లాబ్ వేశాక మాట్లాడుకుందాం" అని పోయారు. ఈ అవమానం తెలిసి కూడా "మట్టి ఇల్లు మన సంస్కృతి, వదలొద్దు" అని హాస్టల్లో ఫ్యాన్ కింద కూర్చుని రాయడం నా వల్ల కాదు. టౌనోళ్లు రిసార్టులో మట్టి కాటేజీకి రోజుకి వేలు కట్టి ఫొటోలు దిగుతారు, మనం అదే మట్టి ఇంట్లో ఉంటే వెనకబడ్డోళ్లం. ఈ లెక్క నాకూ మండుతుంది. అయినా సరే, పక్కా ఇల్లు మన హక్కు. వద్దనేది లేదు.

నా గొడవంతా 'పక్కా' అనే మాటతోనే.

2011 జనాభా లెక్కల్లో ఇళ్లని ఎలా విడదీశారో చూడండి. గోడ, కప్పు ఏ సామానుతో కట్టారన్నదే కొలత. కాల్చిన ఇటుక, రాయి, కాంక్రీటు, ఇనుప రేకు, ఆస్బెస్టాస్ ఇవన్నీ పక్కా సామాన్లు. గడ్డి, వెదురు, పచ్చి మట్టి కచ్చా. అంటే నాలుగు వైపులా రేకులు కొట్టి పైన రేకు కప్పినది పక్కా ఇల్లు. బార్మేర్‌లో మూరెడు గోడల ఝోంపా కచ్చా ఇల్లు. వానకి కారుద్దా, గాలికి ఎగురుద్దా అని అడిగారు. మంచిదే, అడగాల్సిందే. మధ్యాహ్నం మూడింటికి ఒక ముసలమ్మ, ఒక బాలింత లోపల ఉండగలరా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఎండలు ఇంత పెరిగాక కూడా ఆ గడి ఆ ఫారంలో లేదు.

పీఎం ఆవాస్ గ్రామీణ్‌లో ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు, మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షలు అని పెట్టారు. ఆ డబ్బుతో గోడలు లేచి కప్పు పడటమే గగనం, ఇక పంచ ఎక్కడ, చూరు ఎక్కడ? మన దగ్గర ఇందిరమ్మ ఇళ్లకి 5 లక్షలు ఇస్తున్నారు. 2024 మార్చిలో భద్రాచలంలోనే మొదలుపెట్టారు. అది నయం. కొండరెడ్లు, కోలాములు, చెంచులు, తోటీల లాంటి వాళ్లకి 2023 నవంబర్‌లో మొదలైన పీఎం జన్‌మన్ కింద కూడా ఇళ్లు వస్తున్నాయి. ఎన్నో ఏళ్ల తర్వాత మన గూడేల్లోకి ఇంత ఇటుక, సిమెంటు వస్తున్న టైం ఇది. ఇప్పుడు తప్పు కడితే ఇంకో ముప్పై నలభై ఏళ్లు ఆ పెనం కిందే మన పిల్లలు పడుకోవాలి. అందుకే ఇప్పుడు మాట్లాడాలి అంటున్నా.

మన తెలంగాణలో కూల్ రూఫ్ పాలసీ అని 2023లోనే వచ్చింది. కప్పు మీద ఎండని తిప్పికొట్టే తెల్ల పూతలు, పెంకులు వేయించాలని. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్లు లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌కే. మిగతా రాష్ట్రం మొత్తానికి 100. ఆ వందలో గూడేనికి ఎంత, ఆశ్రమ పాఠశాలకి ఎంత, పై అంతస్తులో ఉడికే హాస్టల్ గదులకి ఎంత? అడిగితేనే కదా తెలిసేది.

అవ్వదు అనేవాళ్లకి మళ్లీ ఎడారినే చూపిస్తా. జైసల్మేర్ దగ్గర రాజకుమారి రత్నావతి బాలికల పాఠశాల 2021లో తెరిచారు. డిజైన్ చేసింది డయానా కెల్లాగ్ అనే అమెరికా ఆర్కిటెక్ట్, కట్టింది అక్కడి రాతిపని మనుషులే. స్థానికంగా దొరికే పసుపు రాయి, లోపల సున్నపు పూత, ఎత్తు కప్పులు, గాలి ఆడే జాలీ గోడలు, మధ్యలో నీడ పడే ముంగిలి. ఏసీ లేదు. ఎడారిలో ఆడపిల్లల బడిని ఇలా కట్టగలిగినప్పుడు, మన ఆడపిల్లల హాస్టల్‌ని ఎందుకు కట్టలేరు?

ముంగిలి అంటే గుర్తొచ్చింది. ఆ భిల్ అమ్మాయి ఇంట్లో నాకు అన్నిటికంటే నచ్చింది గోడ కాదు, కప్పు కాదు. ఇళ్ల మధ్యలో మనిషెత్తు మట్టి గోడ కట్టిన వాకిలి. రాత్రి వాళ్ల అమ్మ, అక్కచెల్లెళ్లు అందరూ అక్కడే మంచాలు వేసుకుంటారట. పైన ఆకాశం, పక్కన గోడ, ఎవరి కళ్లూ పడవు. ఆడవాళ్లకి కూడా రాత్రి గాలి దక్కేలా కట్టిన ఇల్లు అది. మా అమ్మకి, నాకు స్లాబ్ వచ్చింది గానీ ఆ వాకిలి పోయింది.

కాబట్టి నా అభిప్రాయం, మనం అడగాల్సినవి నాలుగు.

మొదటిది, పథకం ఇంటి అంచనాలోనే కప్పు మీద వేడి ఆపే పొర ఉండాలి. తెల్ల పూతో, తెల్ల పెంకు ముక్కలో, పాత మిద్దెల మీద వేసినట్టు డంగు సున్నమో. స్లాబ్ పడగానే ఇల్లు అయిపోయినట్టు కాదు.

రెండోది, ముందు పంచ, కిటికీల మీద బాగా బయటికి వచ్చిన సన్‌షేడ్, ఎదురెదురు కిటికీలు, ఇంటి వెనక దడి కట్టిన వాకిలి. ఇవి సోకులు కాదు.

మూడోది, ఎవరైనా మట్టి ఇటుకలతో, పెంకు కప్పుతో కట్టుకుంటామంటే దాన్ని పక్కా కిందే లెక్కేసి బిల్లు ఇవ్వాలి. మట్టిలో 5 నుంచి 10 శాతం సిమెంటు కలిపి మిషన్‌తో నొక్కిన ఇటుకలు ఉన్నాయి, వానకి కరగవు, కాల్చే పని లేదు. ఆ మిషన్ ఒకటి మండలానికి వస్తే మన పిల్లలకి పని కూడా దొరుకుద్ది.

నాలుగోది, కట్టేముందు అడగాలి. ముఖ్యంగా ఆ ఇంట్లో ఉండే ఆడవాళ్లని. గుర్నా సంగతి గుర్తుంది కదా.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోమనట్లేదు. ఈ వేసవికి ముందే చేయగలిగినవి కొన్ని. స్లాబ్ శుభ్రంగా కడిగి, సున్నంలో కొంచెం జిగురు కలిపి రెండు మూడు కోట్లు తెల్లగా వేయండి. ఇలాంటి తెల్ల పూతలతో గదిలో 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుద్దని చెప్తారు. వాన పడితే కొట్టుకుపోతుంది, ఏటా మళ్లీ వేయాలి, ఖర్చు మాత్రం తక్కువే. కళ్లలో పడకుండా చూసుకోండి. స్లాబ్ మీద కర్రలు పాతి తాటాకు పందిరి వేసి, కప్పుకీ పందిరికీ మధ్య గాలి పోయేలా జానెడు పైనే వదలండి. ఇంటి పక్కన ఆనప, బీర పాదు పెట్టి పైకి పాకించినా నీడే. మట్టి మాత్రం కుప్పలు పోయకండి, తడిస్తే ఆ బరువు స్లాబ్ మోయలేకపోవచ్చు. ఎండెక్కగానే కిటికీలు మూసి గోనెసంచి తడిపి కట్టండి, పొద్దుగూకాక అన్నీ తెరవండి. ఎడారి వాళ్లు రోజూ చేసేది ఇదే.

ఇంకో పని. కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు కదా. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక థర్మామీటర్ పట్టుకెళ్లండి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి స్లాబ్ ఇంట్లో ఒకటి, పెంకుటింట్లో ఒకటి, రేకుల ఇంట్లో ఒకటి రాసుకోండి. ఊరి పేరు, కప్పు రకం రాసి ఇక్కడే పెట్టండి. ఫాతీ కైరోలో చేసింది మనం గూడేల్లో చేద్దాం. రేపు ఆఫీసరు దగ్గరికి పోయి "వేడిగా ఉంది సార్" అంటే నవ్వుతారు. కాగితం మీద అంకెలు పెడితే చదవాల్సి వస్తుంది.

మొన్న సెలవులకి పోయినప్పుడు నేను, తమ్ముడు కలిసి స్లాబ్‌కి సున్నం కొట్టాం. పైన తాటాకు పందిరి సగం వేశాం, మిగతా సగం ఉగాదికి వేస్తాం. కింద నుంచి నాయనమ్మ చూస్తూ "ఇంత డబ్బు పెట్టి స్లాబ్ పోసి మళ్లీ తాటాకే కప్పుతున్నారా?" అని ఒకటే నవ్వు. నవ్వితే నవ్వింది. ఈ మే నెలలో ఆమె మంచం కొట్టంలోంచి ఇంట్లోకి వస్తే నాకు అంతే చాలు.

తప్పు రాస్తే సరిచేయండి. మీ ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి ఎలా ఉంటుందో కింద రాయండి. జోహార్.